పండ్ల తోట వేసిన ఊరికి మిగిలేదెంత?



2025 జూన్‌లో ఒక ఆదివారం చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్లాను. ఆ రోజు సంఘస్తులు ప్రథమ ఫలాల కానుకలు తెచ్చారు. ఆరాధన ముగిశాక అలవాటు ప్రకారం ఆ కానుకలను వేలం వేశారు. గుమ్మడికాయ, నాటుకోడి, పెసలు పాడుకున్న తర్వాత ఒక డజను తోతాపురి మామిడికాయలు వేలానికి వచ్చాయి. పాట పెరిగి పెరిగి మూడు వందల రూపాయల దగ్గర ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కాయలు తెచ్చిన రైతు సోదరుడి ముఖంలో మాత్రం నవ్వు లేదు.

బయటికి వచ్చాక ఆయనే నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఇక్కడ డజను మూడు నూర్లు పలికింది. నిన్న ర్యాంపు కాడ కిలో నాలుగు రూపాయలకు అడిగినారు. కోత కూలి, ట్రాక్టరు బాడుగ పోతే చేతికి ఏమీ రాదు. ఇంక కోసేది లేదనుకుంటా ఉండా" అన్నాడు. ఆయన తోటలోనే కాయలు ఏరే పనికి పోయే ఒక సోదరి పక్కనే నిలబడి వింటోంది. "ఆయన కోయకపోతే మాకు పని లేదు అయ్యగారూ" అని ఒక్క మాట అని ఊరుకుంది.

ఇద్దరూ ఒకే మందిరంలో ఒకే చాప మీద కూర్చుని ప్రార్థించేవారే. తోట ఒకరిది, కూలి ఒకరిది. కాని ఇద్దరి బతుకూ ఒకే కాయ ధర మీద ఆధారపడి ఉంది. "పండ్ల తోటలు వేస్తే పల్లెలు బాగుపడతాయి" అని మనం తరచూ వింటున్నాం. ఆ మాటలో నిజముంది. అయితే ఎవరు బాగుపడతారు, ఎంత బాగుపడతారు, ఆ డబ్బులో ఊళ్లో నిలిచేదెంత అని విడివిడిగా అడిగితే జవాబులు వేరువేరుగా వస్తాయి. రాయలసీమ తోటలనే ఉదాహరణగా తీసుకుని వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

వేరుశనగ నుంచి తోటల వైపు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అదైనా సమయానికి కురవదు. దశాబ్దాలపాటు ఇక్కడి మెట్ట రైతు వేరుశనగ మీదే ఆధారపడ్డాడు. ఊడలు దిగే సమయంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే పంట పోయినట్టే. విత్తనం అప్పు, ఎరువు అప్పు మాత్రం మిగిలిపోయేవి. అప్పు తీర్చడానికి భార్యాభర్తలు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగళూరుకు వలస పోయేవారు. మన సంఘాల్లో ఆదివారం హాజరు ఏ నెలలో తగ్గుతుందో చూస్తే వలస ఎప్పుడు మొదలైందో చెప్పగలిగేవాళ్లం.

చెట్టు లక్షణం వేరు. దాని వేరు లోతుకు పోతుంది. ఒక నెల వాన లేకపోయినా పైరులాగా ఒక్కసారిగా చచ్చిపోదు. దానికి తోడు 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం పథకం మొదలై, డ్రిప్ పరికరాలు రాయితీ మీద రైతులకు అందాయి. కాలువ కట్టి పారించే నీటితో ఒక ఎకరం తడిసేచోట, చుక్కచుక్కగా వేళ్ల దగ్గరే వదిలితే ఇంకా ఎక్కువ నేల తడుస్తుంది. ఆ తర్వాత ఉపాధి హామీ పథకం కింద చిన్న, సన్నకారు రైతుల పొలాల్లో గుంతలు తవ్వడానికి, మొక్కలు నాటడానికి, మొదటి ఏళ్లలో వాటిని బతికించడానికి కూలి, ఖర్చు ఇచ్చారు. రైతుకు తోట దొరికింది, ఊరివాళ్లకు ఎండాకాలంలో కూలి దొరికింది. ఇలా చీనీ, మామిడి, అరటి, బొప్పాయి, దానిమ్మ, జామ తోటలు పెరిగాయి. నల్గొండవారు బత్తాయి అనేదాన్నే మన సీమలో చీనీ అంటాం.

తోటలన్నీ ఒకటి కావు. మామిడిని పాత పద్ధతిలో పది మీటర్ల దూరంలో నాటితే ఎకరానికి 40 చెట్లు పడతాయి. నాలుగైదేళ్లకు కాపు మొదలవుతుంది. ఆదాయం అని చెప్పుకోదగ్గ పంట రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. చీనీ ఎకరానికి 110 చెట్ల దాకా పడుతుంది, అయిదో ఏడు నుంచి కాపు. అరటి, బొప్పాయి అలా కాదు. ఎకరానికి దాదాపు 1,200 మొక్కలు పెడితే ఏడాది తిరిగేలోగా కోత మొదలవుతుంది. అంటే మామిడి వేసేవాడు ఎన్నో ఏళ్లు ఎదురుచూడాలి, అరటి వేసేవాడు ఒక్క ఏడాదిలోనే పెద్ద పెట్టుబడి పెట్టాలి. ఎదురుచూసే శక్తి, పెట్టుబడి పెట్టే శక్తి రెండూ లేనివాడికి తోట అందని ద్రాక్షే.

మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం నూటికి 86 కమతాలు అయిదెకరాల లోపువే. సగటు కమతం విస్తీర్ణం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాలు దాటి కాస్త. ఆ రెండున్నర ఎకరాల్లో మామిడి పెట్టి అయిదేళ్లు ఏం తిని బతకాలి? తెలివిగల రైతులు చెట్ల వరుసల మధ్య ఖాళీలో వేరుశనగ, ఉలవ, అలసంద, కంది వేసుకుని ఆ ఏళ్లు గడిపారు. అంతర పంట వేసుకోనివారిలో కొందరు చెట్టు కాపుకు రాకముందే అప్పులపాలయ్యారు.

రైతు చేతికి వచ్చేదెంత?

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఎకరం తీసుకుందాం. పదేళ్ల తోతాపురి తోట, ఎకరానికి అయిదు టన్నుల కాపు అనుకుందాం. దుక్కి, ఎరువు, మందుల పిచికారీ, కాపలా అన్నీ కలిపి 20,000 రూపాయలు అనుకుందాం. కోత కూలి, ఎత్తుడు, రవాణా కలిపి కిలోకు 3 రూపాయలు, అంటే 15,000 అనుకుందాం. మొత్తం ఖర్చు 35,000.

కిలో 12 రూపాయలు పలికితే 60,000 వస్తాయి, 25,000 మిగులుతాయి. 20 రూపాయలు పలికితే 65,000 మిగులుతాయి. 5 రూపాయలకు పడిపోతే 10,000 నష్టం. 3 రూపాయలకు దిగితే కోసినా కోయకపోయినా ఒకటే, కాబట్టి కాయను చెట్టుకే వదిలేస్తాడు. చెట్టు అదే, కాపు అదే, రైతు చెమట అదే. ధర ఒక్కటి మారితే ఇల్లు నిలబడటమో, కూలబడటమో జరుగుతుంది. వేరుశనగ రైతు ఆకాశం వైపు చూసేవాడు. తోట రైతు ఆకాశం వైపూ చూడాలి, మండీ వైపూ చూడాలి.

కాపు కూడా ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. మామిడిలో ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తగ్గడం చాలా రకాలకు సహజం. పూత సమయంలో మబ్బు పట్టినా, మంచు ఎక్కువైనా పురుగూ తెగులూ వస్తాయి. పిందె దశలో గాలివాన వస్తే నేలంతా కాయే. అందువల్ల తోట ఆదాయాన్ని ఒక మంచి ఏడాదితో కొలవకూడదు. అయిదారేళ్ల సగటుతో కొలవాలి. మంచి ఏడాది వచ్చిన డబ్బంతా పెళ్లికో, ట్రాక్టరుకో ఖర్చు చేసి, మరుసటి ఏడాది అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవారిని మీరూ చూసి ఉంటారు.

ఇంకొక సంగతి. చాలామంది రైతులు కాయ కోసేదాకా ఆగరు. పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. ముందుగా చేతికి డబ్బు వస్తుంది, గాలివాన భయం గుత్తదారుడిది అవుతుంది. అవసరంలో ఉన్నవాడికి అది ఊరటే. కాని ధర పెరిగిన ఏడాది ఆ లాభమూ గుత్తదారుడిదే. ముఖ్యంగా ఆ గుత్తదారుడికే పాత బాకీ ఉంటే, ఎంతకు ఇవ్వాలో చెప్పే మాట రైతుది కాకుండా పోతుంది. కాబట్టి పండ్ల తోట రైతు ఆదాయం పెంచుతుందా అన్న ప్రశ్నకు జవాబు, ఆ రైతు మీద అప్పు ఎంత ఉందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

పని ఎవరికి దొరుకుతుంది?

ఇప్పుడు ఆ సోదరి మాట దగ్గరికి వద్దాం. తోటల వల్ల ఊళ్లో పని పెరుగుతుందని అనుకుంటాం. ఇది పూర్తి నిజం కాదు.

వేరుశనగ చేలో ఆడవాళ్ల పని ఎంత ఉండేదో గుర్తు చేసుకోండి. విత్తడం, కలుపు తీయడం, పీకడం, కాయ వలవడం, ఎండబెట్టడం. ఆ చేలోనే మామిడి చెట్లు పెరిగి నీడ కమ్మేసిన తర్వాత ఈ పనులన్నీ పోతాయి. దుక్కి ట్రాక్టరు చేస్తుంది. పిచికారీ ఒకరిద్దరు మగవాళ్లు చేస్తారు. నీరు డ్రిప్పు చూసుకుంటుంది. కూలీలు అవసరమయ్యేది కోత రోజుల్లోనే. తోతాపురికి అది జూన్, జూలై నెలలు. ఆ రెండు నెలలు పని మీద పని ఉంటుంది. మిగతా పది నెలలు తోట కూలీని పిలవదు.

కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. ఏడాదికో, రెండేళ్లకో కౌలుకు తీసుకున్నవాడు అయిదేళ్లకు కాసే చెట్టు నాటలేడు. భూమి ఉన్న ఆసామి పట్నానికి వెళ్లిపోతూ పొలంలో మామిడి మొక్కలు పెట్టి, ఒక కాపలా మనిషిని ఉంచి పోతే, అంతకు ముందు ఆ భూమిని కౌలుకు చేసుకున్న కుటుంబం దారిన పడుతుంది. తోటల వల్ల లాభపడినవారి ఫొటోలు చూస్తాం. ఈ కుటుంబం ఫొటో ఎక్కడా రాదు.

అరటి, బొప్పాయి, జామ, ద్రాక్ష తోటల లెక్క వేరు. ఇవి ఏడాది పొడవునా చేతులను అడుగుతాయి. అరటినే చూడండి. పిలకలు కోయాలి, ఎండిన ఆకు తీయాలి, గెలకు కవరు తొడగాలి, ఊతం కట్టాలి, గెలను దెబ్బ తగలకుండా కోసి మోయాలి. జి-9 రకం గెల 20, 25 కిలోలు తూగితే ఎకరానికి 25 నుంచి 30 టన్నుల సరుకు. ఎగుమతికి పోయే కాయైతే అత్తాలు విడదీసి, నీళ్లలో కడిగి, ఆరబెట్టి, సుమారు 13 కిలోల పెట్టెల్లో సర్దాలి. అంత సరుకును కోయడానికి, కడగడానికి, సర్దడానికి, ఎత్తడానికి ఎన్ని చేతులు కావాలో లెక్క వేసుకోండి. జామకు కొమ్మ కత్తిరింపులు, ద్రాక్షకు గుత్తి సవరింపులు ఉంటాయి. ఈ పనుల్లో ఓపిక, వేళ్ల నేర్పు కావాలి. అందుకే స్త్రీలకు పని ఎక్కువగా దొరుకుతుంది.

అయితే పని దొరకడం వేరు, తగిన కూలి దొరకడం వేరు. ఒకే తోటలో ఒకే పొద్దు పనిచేసినా మగవాడి కూలి ఒకటి, ఆడమనిషి కూలి ఒకటిగా ఇంకా నడుస్తోంది. కాయ కోసేవారి చేతులు, మెడ మామిడి సొన పడి పొక్కుతాయి. తొడిమె కాస్త ఉంచి కోస్తే, చేతికి తొడుగులు ఇస్తే ఆ బాధ తగ్గుతుంది, కాయ మీద మచ్చ పడక ధర కూడా పెరుగుతుంది. పిచికారీ చేసేవారు మూతికి గుడ్డ కూడా లేకుండా మందు కొడుతుంటారు. మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడటాన్ని చట్టం నిషేధించింది. దాని బదులు ఇథిలీన్ వాయువు వాడవచ్చు. తినేవారి ఆరోగ్యం గురించే ఈ చట్టాన్ని తలుచుకుంటాం గాని, ఆ పొట్లాలు చేత్తో పెట్టెల్లో పెట్టేది కూలి మనుషులే.

కోసిన తర్వాతే అసలు ఉపాధి

తోట లోపల దొరికే పని కంటే తోట దాటిన తర్వాత దొరికే పని తరచుగా ఎక్కువ. మొక్కలు పెంచే నర్సరీ, డ్రిప్ బిగించేవాడు, క్రేట్లు బాడుగకు ఇచ్చేవాడు, ట్రాక్టరు యజమాని, ర్యాంపులో కాయ ఏరే ఆడవాళ్లు, హమాలీలు, లారీ డ్రైవరు, క్లీనరు, దారిలో టీ అంగడి. ఒక్క కాయ వెనక ఇంతమంది ఉన్నారు.

చిత్తూరు ప్రాంతానికి దీనిలో ప్రత్యేక స్థానముంది. మన దేశంలో మామిడి గుజ్జు తయారయ్యే రెండు ముఖ్య ప్రాంతాలు చిత్తూరు, తమిళనాడులోని కృష్ణగిరి. కోస్తాలో కలెక్టర్ కాయ అనే తోతాపురి నేరుగా తినడానికంటే గుజ్జుకే ఎక్కువ పోతుంది. కాయ బరువులో దాదాపు సగం గుజ్జుగా వస్తుంది. సీసాల్లో తాగే మామిడి పానీయాలకు మూలం ఇదే. సౌదీ అరేబియా, నెదర్లాండ్స్, యెమెన్ వంటి దేశాలకూ మన గుజ్జు వెళ్తుంది. కోత రోజుల్లో ఈ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. కాయ కడగడం, కోయడం, టెంక తీయడం, డబ్బాలకు నింపడం వంటి పనులకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి స్త్రీలు షిఫ్టుల్లో వెళ్తారు. సీజను అయిపోతే పని అయిపోతుంది. అదే ఫ్యాక్టరీ మామిడి తర్వాత జామ, బొప్పాయి, టమాటా కూడా ఆడిస్తే రెండు నెలల పని ఆరేడు నెలల పని అవుతుంది. ఒక ప్రాంతంలో రకరకాల పండ్లు పండటం వల్ల కలిగే పెద్ద మేలు ఇదే.

రవాణా ఏం చేయగలదో అనంతపురం చూపించింది. 2020 జనవరి చివరలో తాడిపత్రి నుంచి 980 టన్నుల అరటితో 43 శీతల కంటెయినర్లు రైలు మీద ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు వెళ్లాయి. అక్కడి నుంచి ఆ సరుకు ఇరాన్‌కు పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నడిచింది, దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అదే. కరువుకు మారుపేరైన జిల్లా కాయ దూరదేశం చేరింది. అయితే ఆ కాయ అక్కడిదాకా దెబ్బ తినకుండా పోవాలంటే తోట దగ్గరే కడిగి, సర్ది, చల్లబరచాలి. ఆ పని ఎక్కడ జరిగితే ఉద్యోగాలు అక్కడ ఉంటాయి. కాయను గుట్టగా లారీకి ఎత్తి పంపేస్తే, ఆ ఉద్యోగాలు కూడా అదే లారీ ఎక్కి పోయినట్టే.

ఇక వినియోగదారుడు ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేదెంత? రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం ప్రకారం, మనం వంద రూపాయలు పెట్టి మామిడి కొంటే రైతుకు చేరేది 43 రూపాయలు. ద్రాక్షకు 35, అరటికి 31. మిగతాది కమీషను, రవాణా, నిల్వ, చెడిపోయే సరుకు, చిల్లర వ్యాపారి లాభం. ఇదంతా దోపిడీ అనలేం. రవాణా చేసేవాడికీ బండి మీద అమ్మేవాడికీ కుటుంబాలున్నాయి. కాని వాటిలో కొన్ని కోతలు మాత్రం న్యాయం కావు. మండీల్లో టన్నుకు ఇన్ని కిలోలని సూట్ పేరుతో, తరుగు పేరుతో తీసేస్తారు. తూకానికి ముందే రైతు కాయ కొంత పోతుంది, దానికి రసీదు ఉండదు.

చెడిపోయే సరుకు లెక్క కూడా చిన్నది కాదు. లూథియానాలోని కేంద్ర కోతానంతర పరిశోధన సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం కోసిన తర్వాత మామిడిలో 9 శాతం, అరటిలో దాదాపు 8 శాతం, జామలో దాదాపు 16 శాతం వృథా అవుతోంది. ఆరు జామకాయల్లో ఒకటి ఎవరి నోటికీ చేరదన్నమాట. క్రేట్లు, నీడ, చల్లటి గది ఉంటే దీనిలో చాలా మిగుల్చుకోవచ్చు. మిగిలిన కాయ కొత్తగా పండించిన కాయతో సమానం. దానికి అదనంగా నీరూ అక్కర్లేదు, ఎరువూ అక్కర్లేదు.

2025 నేర్పిన పాఠం

ఇంత ఉన్నా 2025లో చిత్తూరు రైతు ఎందుకు ఏడ్చాడు? కాపు విరివిగా వచ్చింది. గత ఏడాది గుజ్జు నిల్వలు ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోక మిగిలాయి. ఫ్యాక్టరీలు కొనుగోలు తగ్గించాయి, ధర తగ్గించాయి. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఎండలో నిలబడిన కాయ పండి, కారి, పారబోయాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని, మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని నిర్ణయించింది. చాలా చోట్ల ఆ 8 రూపాయలు రావడం లేదని రైతులు రోడ్డెక్కారు. పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకుండా జిల్లాలో ఆంక్షలు పెడితే, సరిహద్దుకు అవతల ఉన్న కర్ణాటక రైతు ఇబ్బంది పడ్డాడు. ఇక్కడి రైతు కన్నీరు తుడవబోతే అక్కడి రైతు కంట నీరొచ్చింది.

లోపం ఎక్కడుంది? ఒక ప్రాంతమంతా ఒకే రకం కాయ వేసింది. ఆ కాయకు ఒకే రకం కొనుగోలుదారుడున్నాడు. తోతాపురిని బంగినపల్లిలాగా బుట్టలో పెట్టి ఊరూరా తిప్పి అమ్ముకోలేం. ఫ్యాక్టరీ వద్దంటే వేరే దారి లేదు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దానికి ఇంటింటా పేరుంది, తినే నాలుక దానికి అండ. తోతాపురి తోటల్లో కొన్ని చెట్లకైనా పై అంటు కట్టి రకం మార్చుకోవచ్చు. అంటు కట్టిన చెట్టు మళ్లీ కాయడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి తోటంతా ఒకేసారి కాకుండా కొన్ని వరుసలు చొప్పున చేసుకోవాలి.

నీటి సంగతి కూడా మరిచిపోకూడదు. చెట్టు కరువును తట్టుకుంటుంది గాని, వరుస కరువులను తట్టుకోదు. అనంతపురంలో బోర్లు ఎండిపోయి, రైతులు ట్యాంకర్లతో నీళ్లు కొని చీనీ చెట్లకు పోసిన రోజులు మనకు తెలుసు. పదేళ్లు పెంచిన చెట్టును గొడ్డలితో నరికి వంట చెరకుగా అమ్మినవారూ ఉన్నారు. 2012 తర్వాత హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు వచ్చిన చోట్ల ఊపిరి పీల్చుకున్నారు. నీరు వచ్చింది కదా అని ఎక్కువ నీరు తాగే అరటిని అంతటా వేస్తే, పక్కవాడి బోరు మన తోట కోసం ఎండిపోతుంది. తోట లాభం లెక్కలో పొరుగువాడి బోరును కూడా కలపాలి.

మన ఊళ్లో మనం చేయగలిగినవి

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వం చేయాలి. గోదాములు, శీతల గదులు, తూకాల తనిఖీ, సీజనుకు ముందే ధర ఒప్పందాలు మనం ఒంటరిగా సాధించలేం, కలిసి అడగగలం. అయితే సంఘంగా, ఊరుగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

తోట పెట్టాలనుకునే చిన్న రైతు ఉన్న భూమి అంతా ఒకేసారి పెట్టవద్దు. సగంలో తిండి పంట ఉంచుకోండి. మొదటి ఏళ్లలో అంతర పంట తప్పనిసరి. ఒకే కాయ మీద ఆధారపడవద్దు. మామిడి ఉన్నచోట జామ, సీతాఫలం, నిమ్మ వంటివి కొన్ని ఉంటే ఒకటి పోయినా ఇంకొకటి ఇల్లు నడుపుతుంది.

పదిమంది రైతులు కలిసి రైతు ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడితే క్రేట్లు కలిసి కొనవచ్చు, లారీ కలిసి మాట్లాడుకోవచ్చు, ధర కలిసి అడగవచ్చు. ఒక్కడు అడిగితే విననివాడు ఇరవై మంది అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతాడు. పట్నం సంఘాల్లోని సహోదరులకు ఒక మనవి. వేసవిలో మీ సంఘంలోని కుటుంబాలన్నీ కలిసి ఒక పల్లె సంఘం రైతుల దగ్గర నుంచి నేరుగా మామిడి తెప్పించుకోండి. మీకు కార్బైడ్ భయం ఉండదు, వాళ్లకు వందలో 43 కాకుండా ఇంకా ఎక్కువ చేరుతుంది. ఇది దానం కాదు, న్యాయమైన బేరం.

తోట యజమానులైన సోదరులకు ఒక మాట. ద్రాక్షతోట యజమాని ఉపమానం మనందరికీ తెలుసు. దానిలో పొద్దుగూకే వేళకే కూలి ఇప్పించిన సంగతిని మనం త్వరగా దాటిపోతాం. ధర పడిన ఏడాది యజమానికి కష్టమే. కాని "కాయ డబ్బులు వచ్చాక ఇస్తాలే" అని నెలలు జరిపితే, ఆ నష్టాన్ని తన కంటే బలహీనురాలి నెత్తిన పెట్టినట్టే. ఆమెకు ఆ రోజు కూలితోనే ఆ రోజు బియ్యం. అలాగే ఒకే పనికి ఒకే కూలి ఇవ్వడం, మందు కొట్టేవారికి ముసుగు, కోసేవారికి చేతి తొడుగు ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

మహిళా పొదుపు సంఘాల సోదరీమణులు కాయను కాయగానే పోనివ్వకుండా చూడండి. ఊరగాయ, మామిడి తాండ్ర, ఒరుగులు, అరటి చిప్స్ మనకు కొత్త విద్యలు కావు. ఆహార భద్రత రిజిస్ట్రేషను చేయించుకుని, శుభ్రంగా ప్యాకింగు చేసి, పేరు పెట్టి అమ్మితే, రెండు నెలల కూలి మనిషి ఏడాది పొడవునా పని ఉన్న మనిషి అవుతుంది. ధర పడిన ఏడాది మిగిలిపోయే కాయకు అది ఒక దారి.

జూలైలో ఆ పల్లెకు మళ్లీ ఫోను చేశాను. ఆ సోదరుడు కాయ మొత్తం వదిలేయలేదు. నలుగురు రైతులు కలిసి ఒక లారీ మాట్లాడుకుని, ఏరిన కాయను పట్నం మార్కెట్టుకు పంపారట. లాభం రాలేదు, అప్పు కొంత తగ్గింది. ఆ సోదరికి పన్నెండు రోజుల పని దొరికిందట. కూలి ఏ రోజుకు ఆ రోజే ఇచ్చారట. పన్నెండు రోజులు చాలవు. వచ్చే ఏడాది కాపు చెట్టు మీద ఉండగానే ఆ రోజులు ఎలా పెంచాలో ఆ ఊరు ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి. తోట వేసిన ప్రతి ఊరూ అలా కూర్చోవాలి. ఆ మాటల్లో తోట ఉన్నవారితో పాటు తోటలో పనిచేసేవారికీ చోటు ఉండాలి.